పెరటి చెట్టు పనికొచ్చిన కథ

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. ఈ సామెత ఎవరు కట్టారో గానీ, వాళ్ళ పెరట్లో బిళ్ళ గన్నేరు మొక్క ఉండి ఉండదని నా అనుమానం. ఉన్నా దానివంక చూసి ఉండరు. ఎవరు చూస్తారు చెప్పండి? మల్లెకున్న పరిమళం లేదు, గులాబీకున్న దర్జా లేదు. మందారంలా దేవుడి తలకెక్కి కూచునే యోగమూ అంతగా లేదు. గోడ పగుళ్ళలో, నూతి పళ్ళెం పక్కన, బట్టలుతికే బండ సందులో తనంతట తనే మొలిచి, ఎండలు మండినా వానలు ముంచినా అయిదు రేకుల గులాబిరంగు పూలో, తెల్లపూలో పూస్తూనే ఉంటుంది. నీళ్ళు పోసిన పాపాన పోకపోయినా మనమీద అలగదు. ఇంట్లో అడక్కుండానే చాకిరీ చేసే మనిషి గొప్పతనం ఎవరికీ కనపడనట్టే, ఈ మొక్క గొప్పతనమూ చాలా కాలం ఎవరికీ కనపడలేదు.

అసలు దాని పేర్లు వింటేనే సరదా పుడుతుంది. హిందీవాళ్ళు సదాబహార్ అంటారు. మరాఠీవాళ్ళు సదాఫులి అంటారు. బెంగాలీవాళ్ళకు అది నయనతార. తమిళులు నిత్యకల్యాణి అని ఎంత ముచ్చటైన పేరు పెట్టారో చూడండి! మలయాళీలు మాత్రం శవంనారి అన్నారు, అంటే శవం వాసన వేసేదని. ఆకు నలిపి వాసన చూసినవాళ్ళెవరో పెట్టిన పేరయి ఉంటుంది. ఒకే మొక్కకి ఒక ఊళ్ళో పెళ్ళి పేరు, పక్క ఊళ్ళో చావు పేరు. దాని చరిత్ర చదివాక నాకు ఆ రెండు పేర్లూ న్యాయమైనవే అనిపించింది. ఎందుకో మీకే తెలుస్తుంది.

మన ఊళ్ళో పుట్టినట్టే కనపడే ఈ మొక్క నిజానికి మనది కాదు. దాని పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ ద్వీపం. పద్దెనిమిదో శతాబ్దంలో దాని గింజలు ఓడెక్కి పారిస్‌లో రాజుగారి తోటకి చేరాయి. అక్కణ్ణుంచి లండన్‌లో చెల్సీ ఔషధ వనాన్ని చూసుకునే ఫిలిప్ మిల్లర్ చేతిలో పడ్డాయి. 1759లో లిన్నేయస్ పండితుడు దానికి వింకా రోజియా అని నామకరణం చేశాడు. తరవాతి వాళ్ళు గోత్రం మార్చి కాథరాంథస్ రోజియస్ అన్నారు. ఎక్కడ వెచ్చటి గాలి ఉంటే అక్కడ అది కాపురం పెట్టేసింది. జమైకా, ఫిలిప్పీన్స్, ఇండియా, ఆస్ట్రేలియా, అన్నీ దానికి మెట్టినిళ్ళే. మిరపకాయ మనది కాదంటే మనం నమ్ముతామా? ఇదీ అంతే.

సరే, అసలు సంగతికొద్దాం. నేను ఆర్ట్స్ చదువుకున్న దాన్ని. కెమిస్ట్రీ పుస్తకం చూస్తే ఇప్పటికీ నాకు ఆవలింతలొస్తాయి. కానీ ఆల్కలాయిడ్ అనే మాట వెనకాల ఉన్న కథలు మాత్రం ఏ నవలకీ తీసిపోవు. మొక్కలు తమ ఒంట్లో తయారు చేసుకునే, నత్రజని కలిసిన ఒక రకం చేదు పదార్థాలకి 1819లో మైస్నర్ అనే జర్మన్ మందుల తయారీదారు పెట్టిన పేరది. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకు పాతదే. పొద్దున్నే కాఫీ పడితే గానీ మనకి తెల్లవారదే, ఆ కాఫీలో ఉన్న కెఫీన్ ఒక ఆల్కలాయిడ్. మగవాళ్ళ చుట్టల్లోని నికొటిన్ మరొకటి. నల్లమందులో మార్ఫిన్, మలేరియాకి మింగే క్వినైన్, ఇవన్నీ ఆ కుటుంబంవే. మొక్క వీటిని మనకోసం తయారు చెయ్యదు లెండి. కాళ్ళులేని ప్రాణి, పురుగొచ్చినా పశువొచ్చినా పారిపోలేదు. కాబట్టి తన ఆకుల్లో విషం దాచుకుంటుంది. బిళ్ళ గన్నేరు ఒక్కదానిలోనే ఇలాంటివి నూటికి పైగా ఉన్నాయని లెక్క తేల్చారు. అన్నీ తినే మేక కూడా సాధారణంగా దాని జోలికి వెళ్ళదు.

మేక వెళ్ళదు గానీ మనుషులు వెళ్ళారు. చిత్రమేమిటంటే, ఒకరితో ఒకరికి మాటా మంతీ లేని దేశాలవాళ్ళు ఒకే జబ్బుకి ఈ ఆకు వాడారు. జమైకాలో దీని ఆకులు మరిగించి టీలాగా తాగేవారు, చక్కెర జబ్బు తగ్గుతుందని. ఫిలిప్పీన్స్‌లోనూ అంతే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇన్సులిన్ దొరక్క అక్కడ ఈ ఆకునే నమ్ముకున్నారని చెబుతారు. మన దగ్గరా పరగడుపున నాలుగు పూలో, నాలుగాకులో నమిలేవాళ్ళు ఎందరు లేరు? మా పిన్ని కొన్నాళ్ళు అదే పని చేసింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

ఇప్పుడు కథ కెనడా వెళుతుంది. 1921 ఎండాకాలం. టొరాంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్ అనే యువ డాక్టరు చక్కెర జబ్బుకి మందు కనిపెట్టాలని కుక్కలమీద ప్రయోగాలు మొదలెట్టబోతున్నాడు. అతనికి సాయంగా ప్రొఫెసరు మెక్లియాడ్ ఇద్దరు విద్యార్థుల్ని చూపించాడు. ఒకడు చార్లెస్ బెస్ట్. రెండోవాడు క్లార్క్ నోబుల్. ముందు ఎవరు పనిలో చేరాలి? ఇద్దరూ బొమ్మా బొరుసా వేసుకున్నారు. బెస్ట్ గెలిచాడు. కొన్నాళ్ళు బెస్ట్, తరవాత నోబుల్ అని ఒప్పందం. కానీ పని రుచి మరిగిన బెస్ట్ ఆ స్థానం వదలనే లేదు. ఆ వేసవిలోనే ఇన్సులిన్ బయటపడింది. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. 1923లో బాంటింగ్‌కీ మెక్లియాడ్‌కీ నోబెల్ బహుమతి వచ్చింది. పేరులోనే నోబుల్ ఉన్న మనిషికి మాత్రం నోబెల్ వాసన కూడా తగల్లేదు! ఒక్క నాణెం అటు తిరిగి ఉంటే ప్రపంచమంతా బాంటింగ్, నోబుల్ అని చదువుకునేది. మనవాళ్ళు నుదుటి రాత అంటారే, అది కెనడాలోనూ ఉంటుందన్నమాట.

ముప్ఫయ్యేళ్ళు గడిచాయి. 1952లో ఆ క్లార్క్ నోబుల్‌కి జమైకాలో డాక్టరుగా ఉన్న జాన్‌స్టన్ నుంచి ఒక కవరొచ్చింది. విప్పితే పాతిక ఆకులు. మా దేశంలో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు ఈ ఆకు టీ తాగుతున్నారు, ఇందులో ఏముందో కాస్త చూడమని దాని భావం. ఇన్సులిన్ చరిత్ర గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చిన మనిషికే ఆ ఆకులు రావడం చూడండి! ఆయన వాటిని లండన్‌లో ఉన్న తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి అందించాడు. ఇంగ్లండు లండన్ కాదు, కెనడాలోనూ ఒక లండన్ ఉంది. అక్కడి వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో ఈయన పరిశోధకుడు.

రాబర్ట్ ఆ ఆకు కషాయాన్ని ఎలుకలకి తాగించాడు. రక్తంలో చక్కెర పెద్దగా తగ్గలేదు. ఇంకొకరయితే జమైకావాళ్ళవి వట్టి నమ్మకాలని ఆకులు పారేసి చేతులు కడుక్కునేవారు. ఆయన మాత్రం నోటిద్వారా కాక సూదితో ఎక్కించి చూశాడు. ఎలుకలు వారం తిరక్కుండా చచ్చిపోయాయి. కషాయం చంపిందా? సూటిగా కాదు. ఒంట్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి, ఎముకల్లో మూలుగ వట్టిపోయింది. కాపలాదారులు లేని కోటలోకి శత్రువులు దూరినట్టు మామూలు క్రిములే వాటిని పొట్టన పెట్టుకున్నాయి.

ఇక్కడే ఆ మనిషి బుద్ధి మెచ్చుకోవాలి. వెతికింది దొరకలేదు, దొరికింది విషం. అయితే తెల్ల కణాల్ని ఇంత ఘోరంగా తగ్గించే పదార్థం, తెల్ల కణాలు పిచ్చిపట్టినట్టు పెరిగిపోయే జబ్బుకి మందెందుకు కాకూడదు? ఆ జబ్బు లుకేమియా. రక్తానికి వచ్చే కేన్సర్.

1954లో చార్లెస్ బీర్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు వచ్చి ఆయనతో కలిశాడు. బండెడు ఆకులోంచి చిటికెడు పదార్థం విడదియ్యడం బీర్ పని. ఎలుకలమీద పరీక్షించడంలో కట్స్ అనే మరో పరిశోధకుడు తోడున్నాడు. 1958 నాటికి స్ఫటికాల రూపంలో ఒక ఆల్కలాయిడ్ చేతికి చిక్కింది. దానికి వింకాల్యూకోబ్లాస్టిన్ అని బారెడు పేరు పెట్టారు. అది పలకలేక తరవాత వింబ్లాస్టిన్‌గా కుదించారు. ఆ ఏడాదే ముగ్గురూ కలిసి న్యూయార్క్‌లోని సైన్స్ అకాడెమీ తరఫున తమ పని ప్రకటించారు. కీమోథెరపీలో యాదృచ్ఛిక పరిశీలనల పాత్ర అన్నది ఆ వ్యాసం శీర్షిక భావం. మేం వెతికిందొకటి, దొరికిందొకటి అని శీర్షికలోనే ఒప్పుకున్న నిజాయితీ నాకు భలే నచ్చింది.

ఇంతలో అమెరికాలో ఎలీ లిలీ అనే మందుల కంపెనీలోనూ ఇదే కథ, ఇంకో వాకిట్లో నడుస్తోంది. గోర్డన్ స్వొబోడా అనే శాస్త్రజ్ఞుడు ఫిలిప్పీన్స్ వాడకం గురించి విని ఈ మొక్కని పరీక్షల జాబితాలో చేర్చాడు. అక్కడ దీని సారాన్ని లుకేమియా పుట్టించిన ఎలుకలమీద ప్రయోగిస్తే అవి ఎక్కువ రోజులు బతికాయి. రెండు జట్లూ బయల్దేరింది చక్కెర జబ్బుకే, చేరింది లుకేమియా దగ్గరికే. స్వొబోడా ఇంకా గాలించి మరో ఆల్కలాయిడ్‌ని పట్టుకున్నాడు. అదే వింక్రిస్టిన్. 1963లో అమెరికా ప్రభుత్వం దాన్ని మందుగా అనుమతించింది.

వింబ్లాస్టిన్, వింక్రిస్టిన్ ఒక ఇంటి అక్కచెల్లెళ్ళు. రెండింటి నిర్మాణంలో తేడా ఎంతంటే, అంత పెద్ద అణువులో ఒకే ఒక్క మూల నాలుగు పరమాణువులున్న చోట మరో మూడు ఉన్నాయంతే. కానీ గుణాలు వేరు. అక్కగారు మూలుగమీద కోపం ఎక్కువ చూపిస్తుంది, తెల్ల కణాల్ని తగ్గిస్తుంది. చెల్లెలికి మూలుగమీద అంత పగ లేదు గానీ నరాలమీద చెయ్యి చేసుకుంటుంది. అందుకే హాజ్‌కిన్స్ అనే గ్రంథుల కేన్సర్‌కి, మగవాళ్ళలో వృషణాల కేన్సర్‌కి వింబ్లాస్టిన్ వాడకంలోకొస్తే, పసిపిల్లల లుకేమియాలో వింక్రిస్టిన్ కుదురుకుంది. ఒకే తల్లి బిడ్డలు ఎలా వేరు వేరు ఇళ్ళకి సరిపోతారో చూశాం కదా!

ఈ మందులు ఎలా పనిచేస్తాయో నాకర్థమైన భాషలో చెబుతాను. మన ఒంట్లో ఒక కణం రెండవాలంటే ముందు తన ఆస్తి, అంటే క్రోమోజోములు, సమానంగా రెండు వాటాలు వెయ్యాలి. ఆ వాటాల్ని చెరో పక్కకీ లాగడానికి సన్నటి దారాలు పేనుకుంటుంది. ఆ దారాలు ట్యూబ్యులిన్ అనే పూసలతో గుచ్చినవి. బిళ్ళ గన్నేరు ఆల్కలాయిడ్ వెళ్ళి ఆ పూసల్ని పట్టుకుంటుంది. దారం పేనుకోదు, వాటాలు తెగవు. పంపకం మధ్యలో ఆగిపోయిన కణం అక్కడే ప్రాణం వదులుతుంది. కేన్సర్ కణానికి ఎడతెరిపి లేకుండా రెండవడమే పని కాబట్టి దెబ్బ దానికే గట్టిగా తగులుతుంది. కానీ జుట్టు కుదుళ్ళూ, మూలుగా కూడా జోరుగా పెరిగేవే. అందుకే జుట్టు రాలుతుంది. నరాల్లో ఈ దారాలు సరుకులు మోసే రోడ్లలాగా ఉపయోగపడతాయిట. రోడ్లు పాడైతే చివర ఊళ్ళకి సరుకందదు. అందుకే వింక్రిస్టిన్ తీసుకునే పిల్లలకి పాదాలు తిమ్మిరెక్కడం, పాదం ఈడ్చి నడవడం, విరోచనం బిగిసిపోవడం లాంటి బాధలు. ఈ మందు నరంలోకి మాత్రమే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి ఇస్తే ప్రాణం పోతుంది. అలా జరిగిన దారుణాలు ఉన్నాయి గనకే, సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచీలో కలిపి ఇమ్మని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. శవంనారి, నిత్యకల్యాణి రెండూ న్యాయమైన పేర్లేనన్నాను, ఇందుకే.

ఇక మన తెలుగువాళ్ళకి ఈ కథలో ఒక వాటా ఉంది. అదీ చిన్నది కాదు.

1948కి ముందు పసిపిల్లకి లుకేమియా వచ్చిందంటే తల్లి చెయ్యగలిగింది ఏడవడమే. వారాలు, మహా అయితే నెలలు. అప్పటికి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలు నడిపిస్తున్నది మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. చదువబ్బక కాశీకి వెళ్ళి అరటిపళ్ళమ్ముకుంటానని చిన్నప్పుడు ఇల్లొదిలి బయల్దేరితే, తల్లి వెంకమ్మగారు పట్టి వెనక్కి తెప్పించిందని చెబుతారు. ఆ తల్లి అలా పట్టి తేకపోతే? సోదరుల్ని ఇద్దర్ని స్ప్రూ అనే విరేచనాల జబ్బు పొట్టన పెట్టుకుంది. అందుకే ఆయన ఫోలిక్ ఆసిడ్ వెనకాల పడ్డారు. ఆయన బృందం 1945లో దాన్ని తయారు చేసింది. ఆ పైన అచ్చు దానిలా ఉండి కణాన్ని మోసం చేసే అమినోప్టెరిన్ తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిచ్చి, పదహారు మందిలో పదిమందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు, యాభైమూడేళ్ళకి. ఆ కోవలోనే అదే ప్రయోగశాల నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుతున్నారు.

గుణం కనిపించడం అన్నాను గానీ, నయం కావడం అనలేదు, గమనించారా? పిల్లలు లేచి ఆడుకునేవారు. కొన్ని నెలలకి జబ్బు మళ్ళీ వచ్చేది. ఒక్క మందుతో యుద్ధం గెలవలేమని అందరికీ తెలిసిపోయింది. అప్పుడు 1960ల మొదట్లో బెథెస్డాలోని జాతీయ కేన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అనే ఇద్దరు డాక్టర్లు సాహసం చేశారు. నాలుగు మందులు కలిపి ఇచ్చారు. ఆ పద్ధతికి వాంప్ అని పేరు, నాలుగు మందుల మొదటి అక్షరాలు కలిపి. పసిపిల్లల ఒంట్లోకి నాలుగు విషాలా అని తోటి డాక్టర్లే మండిపడ్డారు. ఆ ఆక్షేపణ తప్పనీ అనలేం. కన్నతల్లయితే ఆ మాట అనకుండా ఉంటుందా?

ఆ నాలుగూ ఏమిటో ఒక్కసారి చూడండి. మొదటిది వింక్రిస్టిన్, మన పెరటి మొక్క బిడ్డ. రెండోది అమెథోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌కే ఇంకో పేరు, మన భీమవరం మనిషి ప్రయోగశాల బిడ్డ. మూడోది మెర్కాప్టోప్యూరిన్. దాన్ని 1951లో తయారు చేసింది ఒక స్త్రీ, గెర్ట్రూడ్ ఎలియన్. పదిహేనేళ్ళప్పుడు తాతగారు కేన్సర్‌తో పోవడం చూసి రసాయన శాస్త్రం చదివింది. ఉద్యోగానికి వెళితే, ఆడపిల్లవి, నువ్వుంటే మగవాళ్ళ పని చెడుతుందని తిప్పి పంపారు. చివరికి మందుల కంపెనీలో చేరి, డాక్టరేటు కూడా లేకుండానే 1988లో నోబెల్ అందుకుంది. నాలుగోది ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్. పెరటి మొక్కా, పరదేశం వెళ్ళిన తెలుగువాడూ, వద్దని తిప్పి పంపిన ఆడపిల్లా. ఎవరూ ముందు వరసలో కూచోబెట్టనివాళ్ళు కలిసి పసిపిల్లల ప్రాణాలకి అడ్డు నిలబడ్డారు. ఇది నేను నవలలో రాస్తే, ఇంత పొందిక ఎక్కడైనా ఉంటుందా అని మీరే ఉత్తరాలు రాసేవారు!

వాంప్‌తో మొదటి మెట్టు ఎక్కారు. ఆ తరవాత మెంఫిస్‌లో 1962లో తెరిచిన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ అనే డాక్టరు, మందులతోబాటు మెదడులో దాక్కున్న కణాలకీ చికిత్స చేర్చి, రెండు మూడేళ్ళు విడవకుండా ఇచ్చే పద్ధతి ఏర్పరిచాడు. 1960లు ముగిసేసరికి సగంమంది పిల్లలు నిలబడే దారి కనిపించింది. ఇవాళ ధనిక దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి తొంభై మంది దాకా బతికి బట్టకడుతున్నారు. ఒకప్పుడు నూటికి ఒక్కరు దక్కడమే గగనమైన జబ్బు.

మరి మన దగ్గర? ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మందులవే. చదువుకున్న డాక్టర్లూ ఉన్నారు. అయినా అంతమంది దక్కడం లేదు. జబ్బు ఆలస్యంగా తెలియడం ఒక కారణం. చికిత్స మధ్యలో మానెయ్యడం ఇంకో కారణం. మాకు తెలిసిన ఒకావిడ కొడుకుకి ఆరేళ్ళప్పుడు ఈ జబ్బొచ్చింది. నెల రోజుల వైద్యానికే జ్వరం పోయింది, ముఖాన కళ వచ్చింది. రక్త పరీక్షలో చెడ్డ కణాలు కనపడలేదు. ఇంకేముంది, ఇంట్లో పెద్దావిడ అంది, బాగయ్యాడుగా, ఇంకా పసివాణ్ణి సూదులతో ఎందుకు కుళ్ళబొడుస్తారని. డబ్బూ నీళ్ళలా ఖర్చవుతోంది. నాన్న కూడా మెత్తబడ్డాడు. ఆవిడ మాత్రం వినలేదు. డాక్టరు రెండున్నరేళ్ళన్నాడు, నాకు రెండున్నరేళ్ళూ కావాలని పట్టు పట్టింది. గాజులు అమ్మింది. వారం వారం బస్సులో పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వెళ్ళొచ్చింది. వాడి పాదాలు తిమ్మిరెక్కితే రాత్రిళ్ళు కూచుని ఒత్తింది. ఆ పిల్లాడు ఇప్పుడు కాలేజీకి వెళుతున్నాడు. వాడు బతికింది మందువల్లే. కాదనను. కానీ ఆ మందు చివరిదాకా వాడి ఒంట్లోకి వెళ్ళింది ఆ తల్లి మొండితనంవల్ల.

ఇప్పుడు మా పిన్ని సంగతి. ఈ మొక్క కేన్సర్‌నే తగ్గిస్తుందని ఎక్కడో విని, షుగరుకి నమిలే నాలుగాకుల్ని పన్నెండు చేసింది. అంత గొప్ప మందయితే ఊరికే దొరుకుతుంటే వదులుకోవడమెందుకని ఆవిడ వాదం. నేను ఎలుకల కథ చెప్పాను. ఆకు నమిలితే మందు నమిలినట్టు కాదు. అందులో నూరు రకాల ఆల్కలాయిడ్లున్నాయి. ఏది ఎంత ఉందో ఎవరికీ తెలియదు. కేన్సర్‌కి పనిచేసేది అందులో ఎంత కొంచెమంటే, వందల కిలోల ఎండుటాకు గాలిస్తే గానీ ఒక్క గ్రాము రాదు. అంటే నమిలిన ఆకు కేన్సర్‌ని తగ్గించదు, కడుపునీ ఒంటినీ పాడు చెయ్యడానికి మాత్రం మిగతావి చాలు. పైగా షుగరు మాత్రలు వేసుకుంటూ ఇదీ నమిలితే ఏది ఎంత తగ్గిస్తోందో డాక్టరుకి అంతుపట్టదు. కడుపుతో ఉన్నవాళ్ళయితే దీని దరిదాపులకి వెళ్ళకూడదు. పెరిగే కణాన్ని ఆపే మొక్క కదా, పెరిగే బిడ్డ ఉన్నచోట దానికేం పని? పిన్ని రెండు రోజులు నామీద మూతి ముడుచుకుంది. తరవాత మానేసింది.

వందల కిలోలకి గ్రాము అన్నాను. ఎందుకంత పిసినారితనమంటే, వింబ్లాస్టిన్ రెండు ముక్కలు అతికితే వచ్చే పదార్థం. ఒక ముక్క విండొలిన్, రెండోది కాథరాంథిన్. మొక్క ఒకదాన్ని ఆకు లోపల దాచుకుని, రెండోదాన్ని ఆకు పైపొరమీద మైనంలోకి తోసేస్తుంది. గొడవపడే తోడికోడళ్ళని వేరు వేరు వాటాల్లో కాపురం పెట్టించినట్టు! రెండూ కలిసేది బహు తక్కువ. ఫ్రాన్సులో పియేర్ పోటియే అనే శాస్త్రజ్ఞుడు ఆ ముక్కల్ని ప్రయోగశాలలో అతికే విద్య సాధించాడు. ఆ దారిలోనే వినోరెల్బిన్ అనే కొత్త మందొచ్చి, 1989లో ఫ్రాన్సులో ఊపిరితిత్తుల కేన్సర్‌కి అనుమతి పొందింది. 2022లో మరొక వింత జరిగింది. రొట్టె పొంగడానికి వేసే ఈస్టు ఉంది చూశారూ, దానిలో మొక్క జన్యువుల్ని చొప్పించి ఆ రెండు ముక్కల్నీ ఈస్టు చేతే తయారు చేయించారు. ఆ తరవాత వాటిని అతికి వింబ్లాస్టిన్ చేశారు.

అవసరం లేని వేడుకా ఇది? కాదు. 2019లో అమెరికా అంతటి దేశంలోనే వింక్రిస్టిన్ కరువొచ్చింది. తయారు చేసే రెండు కంపెనీల్లో ఒకటి మానుకుంది, రెండోది సమయానికి అందించలేకపోయింది. పిల్లల డాక్టర్లు ఎవరికివ్వాలి, ఎవరికి ఆపాలి అని తల పట్టుకున్నారు. మందు పాతబడితే ధర పడిపోతుంది, ధర పడితే తయారు చేసేవాళ్ళకి మోజు పోతుంది. పిల్లల జబ్బు మాత్రం పాతబడదు కదా.

ఇంకొక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఈ మొక్కని కన్న మడగాస్కర్‌కి ఏం మిగిలింది? మందు అమ్మిన కంపెనీకి లాభాలొచ్చాయి. ఆకు సంగతి మొదట చెప్పిన జమైకా అమ్మమ్మలకి, ఫిలిప్పీన్స్ నాయనమ్మలకి ఏమీ రాలేదు. మొక్క ఎప్పుడో ప్రపంచమంతా పాకింది గనక ఎవరి సొత్తూ కాదన్నారు. ఒక దేశపు మొక్కలమీద వచ్చే లాభంలో ఆ దేశానికీ వాటా ఉండాలని 1992లో రియోలో ఒప్పందం రాసుకున్నప్పుడు, ఇలా ఎందుకు కావాలో చెప్పడానికి ఈ మొక్క కథే తరచు ఉదాహరణ అయింది. వంట చేసినావిడ పేరు విస్తట్లో కనపడదు, మనకి తెలియందా?

ఇవాళ తమిళనాడు దక్షిణపు జిల్లాల్లో దీన్ని మెట్టభూముల్లో పంటగా వేసి ఆకూ వేరూ విదేశాలకి పంపుతారు. వేరులో దొరికే అజ్మాలిసిన్ అనే మరో ఆల్కలాయిడ్ రక్తప్రసరణకి సంబంధించిన మందుల్లో పనికొస్తుంది. మన పెరట్లో మాత్రం అది ఎప్పటిలాగే గోడ పగుల్లోంచి తొంగి చూస్తూంటుంది.

ఉండనివ్వండి. పీకెయ్యకండి, నమలకండి కూడా. మీ బంధువుల్లో, ఇరుగుపొరుగుల్లో ఏ బిడ్డకైనా ఈ జబ్బొచ్చి, నెల తిరిగేసరికి నయమైపోయిందని ఇంట్లోవాళ్ళు వైద్యం మానిపించబోతుంటే మాత్రం ఒక్కసారి వెళ్ళి ఆ తల్లి పక్కన కూచోండి. రెండున్నరేళ్ళు చాలా పొడుగే. ఆసుపత్రికి తోడు వెళ్ళే మనిషీ, ఇంట్లో మిగతా పిల్లలకి అన్నం పెట్టే చెయ్యీ ఉంటే కాస్త తొందరగా గడుస్తాయి.